పంచుకొన్న తీపి

నీ జీవితంలో సుఖపడిన రోజులేవి అని ఎవరినైనా అడిగి చూడండి. కొంచెం ఆలోచించి, పెళ్ళి అయిన సంవత్సరం చెపుతాడు. ఉద్యోగం దొరికిన దినం చెపుతాడు. ఇల్లు కట్టుకొన్నవాడైతే గృహప్రవేశపు ముహూర్తం కూడా తడుముకోకుండా చెపుతాడు. అవి అబద్ధాలు కావు. నలుగురిలో చెప్పదగిన సంతోషాలు అవి. వాటికి ఫోటోలు ఉంటాయి, శుభలేఖలు ఉంటాయి, తేదీలు ఉంటాయి. కాని అదే మనిషి ఒక రాత్రి నిద్రపట్టక పక్కమీద దొర్లుతున్నప్పుడు అతని మనస్సు ఈ పెద్ద సంతోషాల జోలికి పోదు. ఎప్పుడో వానకు తడిసి, ఎవరి ఇంటి చూరుక్రిందనో నిలబడి తిన్న వేయించిన పల్లీలు గుర్తుకు వస్తాయి. అమ్మ పొయ్యిముందు కూర్చుండబెట్టుకొని మొదటి జొన్నరొట్టె తుంచి చేతిలో పెట్టిన క్షణం గుర్తుకు వస్తుంది. వీటికి ఫోటోలు లేవు. ఏ సంవత్సరమో కూడా సరిగా చెప్పలేము. ఐనా ఒక మనిషిని లోపలినుండి నిలబెట్టేవి ఇవేనేమో అని నాకు తోస్తుంది.

ఈ పూట నేను ముచ్చటించదలచినది ఇటువంటి చిన్న సంతోషాలను గురించి. వాటి వెంట స్నేహాన్ని గురించీ, పోగొట్టుకోవడాన్ని గురించీ కూడా చెప్పక తప్పదు. ఈ మూడూ మూడు విషయాలని చాలకాలం నేను అనుకొన్నాను. వయస్సు నలభై దాటిన తరువాత ఇవి ఒకే తీగకు కాసిన కాయలని తెలిసివస్తున్నది.

మన నిజామాబాదునే తీసుకొందాము. పాతవారు ఇప్పటికీ ఇందూరు అనే అంటారు. మాఘ ఫాల్గుణ మాసాలలో మార్కెట్టు యార్డుకు పసుపు బస్తాలు దిగే రోజులలో ఆ ప్రక్కగా నడిచిపోతే గాలిలో ఒక వాసన తగులుతుంది. ఘాటుకాదు, మట్టికాదు, రెంటికీ నడుమ ఉండే వాసన. ఇంటికి వెళ్ళి చొక్కా విప్పినా అది వదలదు. సాయంకాలం ఖిల్లా రఘునాథస్వామి గుడిమెట్లు ఎక్కి వెనుకకు తిరిగితే ఊరంతా క్రింద పరచినట్లు కనబడుతుంది. బజారులో దీపాలు ఒక్కటొక్కటే వెలుగుతాయి. స్టేషను చేరే రైలుబండి కూత వినబడుతుంది. చాయి హోటలులో ఒక చాయి చెప్పి, దానిని రెండు కప్పులలో పోయించుకొని, సాసరులో చల్లార్చి త్రాగే ఇద్దరు మిత్రులను మీరు చూచే ఉంటారు. జేబులో రెండు చాయిలకు డబ్బు లేక కాదు వారు అట్లా త్రాగేది. పంచుకొంటేనే అది చాయి.

ఒక చిన్న సంగతి గమనించండి. ఇప్పుడు చెప్పిన ప్రతి సంతోషంలోనూ రెండవ మనిషి ఒకడు ఉన్నాడు. గుడిమెట్లమీద నిలబడి 'అదుగో మన ఇల్లు' అని వ్రేలు చూపించవలెనంటే చూచేవాడు ఒకడు ప్రక్కన ఉండవలె. రొట్టె తుంచిన చేయి ఒకటి ఉంటే, అందుకొన్న చేయి మరొకటి. పెద్ద సంతోషాలకు ఊరంతా సాక్షి. చిన్న సంతోషాలకు ఒక్కడే సాక్షి. ఆ ఒక్కడూ లేకపోతే ఏమవుతుంది? ఈనాటి నా ప్రశ్న అదే.

దీనికి జవాబు వెదకడానికి మిమ్మల్ని నేను పెరిగిన బోధనుకు తీసుకొని వెళ్ళవలె. నిజామాబాదునుండి జానకంపేట జంక్షనువద్ద మళ్ళిన రైలుమార్గం అక్కడికి చేరి ముగిసిపోతుంది. బోధను చాలా పాత ఊరు. బుద్ధుని కాలంనాటి పదహారు మహాజనపదాలలో ఒకటైన అశ్మక రాజ్యానికి రాజధానిగా ఉన్న పోదన నగరం ఇదేనని చరిత్ర చదివినవారు చెపుతారు. ఐతే మా చిన్నతనంలో అశ్మకుల సంగతి మాకెవరికీ పట్టలేదు. బోధను అంటే మాకు చక్కెర.

ఆ చక్కెరకు మూలం నీరు. 1923లో మంజీరానదికి అడ్డంగా మొదలుపెట్టిన నిజాంసాగరు ఆనకట్ట 1931లో పూర్తి అయింది. నవాబు అలీ నవాజ్ జంగ్ బహాదూర్ అనే ఇంజనీరు దానిని నిర్మింపజేశాడు. కాలువ పారింది. రెండు లక్షల ఎకరాలకు పైగా భూమి తడిసింది. కృష్ణా గోదావరి తీరాలనుండి రైతుకుటుంబాలు వచ్చి స్థిరపడినాయి. వారు కట్టుకొన్న పల్లెలను ఇప్పటికీ క్యాంపులని పిలుస్తారు. చేలలో చెరకు నిలబడింది. 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. ఒకప్పుడు ఆసియాఖండంలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరు. దానిచుట్టూ కట్టిన పేటకు శక్కర్‌నగర్ అనే పేరు వచ్చింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడు భాషలూ అక్కడి ఇరుకు సందులలో ఒకదానినొకటి ఒరుసుకొంటూ తిరిగేవి. ఒక వాక్యం తెలుగులో ఎత్తుకొని ఉర్దూలో దింపినా ఎవరూ వింతగా చూచేవారు కారు.

కర్మాగారపు సైరనును మేము భోంగా అనేవాళ్ళము. ఊళ్ళో గడియారాలున్న ఇండ్లు చాలా ఉండేవి. ఐనా కాలం చెప్పేది భోంగాయే. అది మ్రోగితే షిఫ్టు మారినట్లు. అది మ్రోగితే ఒక ఇంట్లో పొయ్యి అంటుకొనేది, మరొక ఇంట్లో దీపం ఆరేది. పిల్లల బడి, పెద్దల పని, ఆడవారి నీళ్ళ బిందెలు, చాయి హోటలులోని పాల డేగిసా, అన్నీ దాని మాట వినేవి. ఒకే చప్పుడుకు వేయి ఇండ్లు కదిలే ఊళ్ళో మనిషి ఒంటరిగా ఉండడం కష్టం. ఎవరు ఏ వేళకు ఏ మలుపువద్ద ఎదురవుతారో అందరికీ తెలుసు. ఎదురైనవారితో రెండు మాటలు మాట్లాడకుండా ఎవరూ దాటిపోరు.

చలికాలం వస్తే చెరకు ఆడడం మొదలు. శ్రోతలలో చెరకు రైతులు ఉంటే నేను చెప్పబోయేది వారికి కొత్త కాదు. కోసిన చెరకు ఆగదు. ఒక రోజు దాటితే గడలోని తీపి విరగడం మొదలవుతుంది. అందుచేత బండ్లు రాత్రింబవళ్ళు నడవవలసిందే. కాటావద్ద తూకానికి వరుసగా నిలిచిన ఎడ్లబండ్లు రోడ్డు మొగదాకా ఉండేవి. లోపల గానుగమరలు గడను నలిపి రసం తీస్తాయి. రసానికి సున్నం కలిపి, గంధకపు పొగ పట్టించి తేటపరుస్తారు. మరిగించి చిక్కబరచి పలుకు కట్టిస్తారు. గిరగిర తిరిగే తొట్లలో మడ్డి వేరై చక్కెర మిగులుతుంది. మిగిలిన పిప్పి కొలిమిలోకి పోయి, మంటై ఆవిరిని పుట్టించి, మళ్ళీ ఆ మరలనే త్రిప్పుతుంది. చెరకును వండడానికి చెరకే కట్టె. ఈ పనంతా గోడలలోపల జరిగేది. గోడల వెలుపల మాకు దక్కేది మాత్రం వాసన. కాగిన రసం, మడ్డి కలిసిన ఒక బరువైన తియ్యని వాసన ఊరిమీద కప్పుకొని ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకొనేవారు. మాకు అది ఇంటి వాసన.

ఆ బండ్ల వరుస మా స్వర్గం. నాకొక మిత్రుడు ఉండేవాడు. అతని పేరు ఇక్కడ చెప్పను, చెప్పినా మీకు తెలియదు. అతని నాయన కర్మాగారంలో బాయిలరు దగ్గర పనివాడు. మా నాయనగారు బడిపంతులు. మేమిద్దరమూ బడి విడిచిన వెంటనే బండ్ల వెనుక చేరేవాళ్ళము. మోపులోనుండి ఒక గడను మెల్లగా లాగితే, బండివాడు వెనుకకు తిరిగి ములుగర్ర ఎత్తి గదమాయించేవాడు. ఆ కోపం ఉత్తుత్తిదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. అతడు తిరిగి చూడడానికి సరిగ్గా ఒక గడ లాగినంత సేపు పట్టేది. కొందరు బండివాళ్ళు మంచి గడను వెలుపలికి జారవిడిచి కూర్చుండేవారని పెద్దయిన తరువాత తెలిసింది.

దొరికిన గడను మోకాలికి ఆనించి రెండుగా విరిచేవాళ్ళము. చెరకు సంగతి మీకు తెలిసినదే. మొదలు తీపి, కొస చప్పన. అందుచేత మాకొక ఒడంబడిక ఉండేది. నిన్న నీకు మొదలైతే నేడు నాకు మొదలు. ఆదివారంనాడు బడి లేదు గనుక ఆ రోజు లెక్కలోకి రాదు. ఎప్పుడైనా వంతు ఎవరిదో తగాదా వస్తే తీర్పు చెప్పేది అతడే. 'మొన్న బుధవారం వాన పడ్డది, మనం చింతచెట్టు కింద నిలబడ్డం, నువ్వు మొదలు తిన్నవ్, యాదికి లేదా?' అనేవాడు. అతని జ్ఞాపకం అటువంటిది. ఏ రోజున ఏ చెట్టుక్రింద నిలబడ్డామో, ఎవరు ముందు నవ్వారో అన్నీ లెక్కగా ఉండేవి. తన వంతు కానప్పుడు కూడా అంత నిక్కచ్చిగానే చెప్పేవాడు.

కాలేజీ చదువుకు నిజామాబాదు వచ్చినప్పుడు కూడా మేము జంటగానే వచ్చాము. గిరిరాజు కాలేజీలో చదువు, అద్దెగదిలో వంట, ఒక సైకిలు ఇద్దరికీ. ఆదివారాలు అలీసాగరు వెళ్ళేవాళ్ళము. పోయేటప్పుడు ఒకరు త్రొక్కితే వచ్చేటప్పుడు మరొకరు. అక్కడ చేసేది ఏమీ లేదు. గట్టుమీద కూర్చుండి నీళ్ళను చూడడం, పొద్దు వాలితే లేచి రావడం. గంటసేపు ఇద్దరమూ ఒక్క మాట మాట్లాడని రోజులు ఉన్నాయి. మాట్లాడకుండా కూర్చుండడానికి ఎవరంటే వారు పనికిరారు. మాటలు కలుపుకోవడం పరిచయస్థులతో కూడా సాధ్యమే. మౌనం కలుపుకోవడానికి స్నేహితుడు కావలె.

తరువాత జీవితం ఎవరి దారిని వారిని నడిపించింది. నేను రేడియో ఉద్యోగంలో చేరాను. అతడు బోధనులోనే ఒక చిన్న దుకాణం పెట్టుకొన్నాడు. కలుసుకొన్నప్పుడల్లా మాకొక పాత తగవు ఉండేది. మాకు ఎక్కువసార్లు గడలు జారవిడిచిన ఒక ముసలి బండివాని తలపాగ ఎర్రదని నేను, కాదు పసుపుపచ్చదని అతడు. పాతికేళ్ళు ఆ తగవు నడిచింది. దానిని తేల్చుకోవలెనని ఇద్దరికీ లేదు. తేలిపోతే మరునాడు దేనిని గురించి పోట్లాడుకోవలె?

ఇక పోగొట్టుకోవడాన్ని గురించి. ఊరు పోగొట్టుకొన్నది మొదట చెపుతాను. 2002లో కర్మాగారంలో ఎక్కువ వాటా ప్రైవేటు యాజమాన్యం చేతికి పోయింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించారు. మరలు ఆగిపోయినాయి. ముందుగా జీతాలు పోయినాయి. ఆ మాట ముందు చెప్పకుండా వాసనలను గురించీ చప్పుళ్ళను గురించీ మాట్లాడడం న్యాయం కాదు. పని పోయిన ఇంటిలో పొయ్యి ఎట్లా వెలుగుతుందన్నదే మొదటి ప్రశ్న. పిల్లల చదువులు ఆగిన ఇండ్లు ఉన్నాయి, పొట్ట చేతపట్టుకొని వేరే ఊళ్ళకు పోయిన కుటుంబాలు ఉన్నాయి. చెరకు వేసిన రైతు గడను దూరపు మిల్లులకు తోలవలసి వచ్చింది, లేదా చెరకు మాని వరిలోకి దిగవలసి వచ్చింది.

కాని జీతంతోపాటు మరొకటి కూడా పోయింది. దానికి ఏ లెక్కల పుస్తకంలోనూ పద్దు లేదు. భోంగా ఆగిపోయింది. మా మిత్రుని నాయన అంతకు చాలకాలం ముందే పని విరమించుకొన్నాడు. ఐనా షిఫ్టు మారే వేళకు అరుగుమీద కూర్చుండి తల ఎత్తి ఒక క్షణం ఆగేవాడు. ఏదో వినవలసినది ఉన్నట్లు. వినబడక తల దించుకొనేవాడు. 'ఊరికి గొంతు పోయింది' అని ఆయన ఒక్కసారి అన్నాడు. ఆ తరువాత ఆ మాట మరి ఎత్తలేదు. వేళకు ఎదురయ్యే మనుషులు వేళకు ఎదురుకావడం మానివేశారు. అందరికీ ఒకే కాలం ఉండే ఊళ్ళో ఎవరి గడియారం వారిదైంది.

ఆ తరువాత కొన్నేళ్ళకు నా మిత్రుడు పోయినాడు. జబ్బు చేసింది, కొన్ని నెలలు పడకమీద ఉన్నాడు, పోయినాడు. ఇంతకంటే ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. అటువంటి కబురు మీలో ప్రతివారింటికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. అస్థికలు కందకుర్తిలో కలిపారు. గోదావరిలో మంజీరా, హరిద్రా వచ్చి కలిసే చోటు అది. అక్కడ నీటి ఒడ్డున నిలబడినప్పుడు నాకొక సంగతి స్ఫురించింది. మా చిన్నప్పటి చెరకుకు నీరు పట్టినది ఈ మంజీరాయే. నిజాంసాగరులో ఆగి, కాలువలుగా చీలి, చేలు తడిపి, మిగిలినది వచ్చి ఇక్కడ కలుస్తున్నది. మేము పంచుకొన్న గడలోని తీపి ఈ నీటిదే. అతడు ఇప్పుడు ఆ నీటిలోకే వెళ్ళినాడు.

మిత్రుడు పోతే పోయేది ఏమిటి? ఆ మనిషి పోతాడు, అది ఒకటి. అంతకంటే తెలియకుండా పోయేది మరొకటి ఉన్నది. నా చిన్నతనంలో సగభాగం అతని దగ్గర ఉండేది. చింతచెట్టుక్రింద వాన పడిన బుధవారం అతని దగ్గర ఉన్నది, నా దగ్గర లేదు. అడిగితే తీసి ఇచ్చేవాడు. ఇప్పుడు అడిగే చోటు లేదు. ఇక ఆ తలపాగ ఎర్రదని నేను ఎవరితో చెప్పినా నమ్ముతారు. నన్ను కాదనే మనిషి లేడు. మిత్రుని మరణంలో ఉన్న దుఃఖం ఇంత విచిత్రంగా ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. నా మాటకు ఎదురు లేకపోవడమే నాకు భరించరాని సంగతి అయింది. జ్ఞాపకం అనే పుస్తకానికి రెండు ప్రతులు ఉండేవి. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనేవాళ్ళము. ఇప్పుడు ఒక్క ప్రతి మిగిలింది. అందులోనూ చెదలు పట్టిన పుటలు ఉన్నాయి.

ఈ ఆలోచనలో ఉండగా మన నిజామాబాదులోనే జరిగిన ఒక పాత సంగతి నాకు దారి చూపించింది. మీలో చాలమంది ఎరిగినదే. 1948లో, నిజాం రాజ్యపు చివరి రోజులలో, ఖిల్లామీది జైలులో ఇద్దరు ఖైదీలు ఉండేవారు. ఒకరు దాశరథి కృష్ణమాచార్యులు. ఇరవైమూడేళ్ళ యువకుడు. రెండవవారు వట్టికోట ఆళ్వారుస్వామి. పదేళ్ళు పెద్దవాడు. చిన్నతనంలో వంటపని చేసి, హోటలులో పనిచేసి, ఆ సందులోనే అక్షరాలు నేర్చుకొన్నవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకాలను తానే మోసుకొని తిరిగి అమ్మినవాడు. తరువాత 'ప్రజల మనిషి' నవల వ్రాసినవాడు. జైలులో కాగితం లేదు, కలం లేదు. దాశరథి బొగ్గుతో గోడమీద పద్యాలు వ్రాశాడు.

గోడమీది బొగ్గువ్రాత ఎంతకాలం నిలుస్తుంది? సున్నపు కుంచె ఒకసారి ఆడితే చాలు. వ్రాసినవానికి శిక్ష, వ్రాతకు సున్నం, ఇంతే దాని బ్రతుకు. ఐనా ఆ పద్యాలు నిలిచి, ఆ తరువాత లక్షలమంది నోటికి ఎక్కినాయి. జైలులో పుట్టిన పద్యం బ్రతకవలెనంటే అది గోడమీద ఉంటే చాలదు. ప్రక్కన ఉన్నవాని చెవిలో పడవలె, మనస్సులో నాటుకోవలె. చీకటిలో ఒకడు చెపుతుంటే ఒకడు వినవలె. 1949లో దాశరథి మొదటి పద్యసంపుటి 'అగ్నిధార' అచ్చైంది. దానిని ఆయన ఆళ్వారుస్వామికి అంకితం ఇచ్చాడు. రాజులకూ జమీందార్లకూ కావ్యాలు అంకితమిచ్చిన దేశంలో జైలుగదిలోని తోటి ఖైదీకి పుస్తకం అంకితమివ్వడం చిన్న సంగతి కాదు. వినినవాని ఋణం చెప్పినవాడు తీర్చుకొన్నాడు.

ఆళ్వారుస్వామి 1961లో పోయినాడు. దాశరథి 1987 దాకా ఉన్నాడు. నడుమ ఇరవైయారు సంవత్సరాలు. ఆ కాలంలో దాశరథి ఆస్థానకవి అయినాడు, అంతకుముందు ఆకాశవాణిలో ప్రయోక్తగా కూడా పనిచేశాడు. మా వృత్తిలోని పెద్దలలో ఆయన ఒకరని చెప్పుకోవడం మాకొక సంతోషం. ఖిల్లా ప్రక్కగా పోయినప్పుడల్లా నాకు ఆ ఇద్దరూ గుర్తుకు వస్తారు. బొగ్గుముక్క కంటె, గోడకంటె, విన్న మనిషి గట్టివాడని ఆ జైలు చెపుతున్నది.

రేడియోలో పనిచేసేవారికి ఈ సంగతి ప్రతిదినం కనబడుతుంది. కోరిన పాటల కార్యక్రమానికి ఉత్తరాలు వస్తుండేవి. పాట పేరు ఒక పంక్తి, కోరినవారి పేర్లు పది పంక్తులు. పాట వినడానికంటె, తన పేరు మిత్రుల పేర్లతో కలిసి గాలిలో పోవడం వినడానికే ఎక్కువమంది వ్రాసేవారని నాకు చాలాసార్లు తోచింది. చాల ఏళ్ళ క్రిందట ఒక పల్లెనుండి నలుగురు మిత్రులు నెలకొక కార్డు వ్రాసేవారు. నలుగురి పేర్లు ఎప్పుడూ ఒకే వరుసలో ఉండేవి. ఒకసారి వారిలో ఇద్దరు ఏదో పనిమీద నిజామాబాదు వచ్చి స్టూడియో చూడడానికి వచ్చారు. మాటల నడుమ తెలిసింది, మూడవ పేరు కలిగినవాడు పోయి అప్పటికి రెండేళ్ళయింది. కాని అతని పేరు కార్డులో వస్తూనే ఉన్నది. ఎందుకని అడిగాను. 'పేరు తీసేస్తే పాట మంచిగనిపియ్యది సార్' అన్నాడు వారిలో ఒకడు. నేను మారుమాట్లాడలేదు. మరుసటి నెల కార్డు వచ్చినప్పుడు ఆ నాలుగు పేర్లూ వరుస తప్పకుండా చదివాను.

ఆ పల్లెటూరి మిత్రులు ఏ గ్రంథమూ చదువకుండా తెలుసుకొన్న సంగతి ఇది. పోయినవానిని తలచుకొని ఏడవడం ఒక పద్ధతి. అతనికి మన సంతోషాలలో వంతు పెడుతూ ఉండడం మరొక పద్ధతి. మొదటిది కొంతకాలానికి దానంతట అది ఆగిపోతుంది. రెండవది మనం ఆపితే తప్ప ఆగదు.

బోధనులో ఇప్పుడు కూడా సాయంకాలం చాయి దుకాణంవద్ద పాత కార్మికులు కొందరు కూర్చుంటారు. ఒకడు ఏదో మర సంగతి ఎత్తుకొంటాడు. దాని పేరు మరచిపోతాడు. రెండవవాడు అందిస్తాడు. మూడవవాడు, 'అది కాదు చాచా, ఆ సంవత్సరం చెరకే తక్కువొచ్చింది' అని సవరిస్తాడు. దూరంనుండి చూచేవారికి పనిలేని ముసలివాళ్ళ ముచ్చట్లుగా కనబడుతుంది. కాని అక్కడ జరుగుతున్నది చాలా పెద్ద పని. ఒక ఊరు తన జ్ఞాపకాన్ని ప్రతి సాయంకాలం సరిచూచుకొంటున్నది. ఒకడు తప్పితే ఇంకొకడు. భోంగా తిరిగి మ్రోగుతుందో లేదో వారిచేతిలో లేదు. అది ఎట్లా మ్రోగేదో మరవకుండా ఉండడం వారిచేతిలో ఉన్నది.

క్రిందటి సంక్రాంతికి మా మిత్రుని ఇంటికి వెళ్ళాను. అతని కూతురు కాలేజీలో చదువుతున్నది. బజారులో కొన్న చెరకుగడ ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టింది. తింటూ తింటూ మా చిన్ననాటి బండ్ల కథ చెప్పాను. ఒక ముసలి బండివాడు ఉండేవాడనీ, అతని తలపాగ ఎర్రదనీ అన్నాను. ఆ పిల్ల చేతిలోని చెరకుముక్క ఆపి, నావైపు చూచి, 'కాదు కాకా, పసుపుపచ్చది. నాయిన ఎప్పుడూ చెప్పేటోడు. మీరు ఎర్రదని కొట్లాడుతరని కూడా చెప్పిండు' అన్నది. నాకు ఒక్కసారి నవ్వు వచ్చింది. నవ్వుతోపాటు కండ్లు కూడా చెమ్మగిల్లినాయి. నన్ను కాదనే మనిషి ఒకరు ఈ లోకంలో ఉన్నారన్నమాట! అతడు తన ప్రతిని తనతో తీసుకొనిపోలేదు. పోకముందే అప్పజెప్పి పోయినాడు. ఎర్రదా, పసుపుపచ్చదా అన్నది ఇక ఎన్నటికీ తేలదు. తేలకుండా ఆ పిల్లా నేనూ ఇంకొక పాతికేళ్ళు పోట్లాడుకోవచ్చును.

చెరకు పండించేవారు ఎరిగిన ఒక సంగతి ఉన్నది. గడను నరికిన తరువాత భూమిలో మిగిలిన మోడు చావదు. నీరు పెట్టి కాపాడితే దానినుండే మళ్ళీ పిలకలు లేస్తాయి. దానిని కార్శి తోట అంటారు. విత్తనం కొత్తది వేయనవసరం లేదు. వేరు పాతదే, గడ కొత్తది. ఐతే ఊరక వదిలితే మాత్రం రాదు. మోళ్ళు సరిచేయవలె, మన్ను ఎగదోయవలె, వేళకు నీరు పట్టవలె. జ్ఞాపకం సంగతి కూడా ఇంతే. దానంతట అది నిలువదు. ఎవరికైనా చెపితే నిలుస్తుంది.

కావున శ్రోతలకు నేను చేసే మనవి చిన్నది. ఈ రాత్రి రేడియో కట్టివేసిన తరువాత, ఇంట్లో ఎవరు మేలుకొని ఉంటే వారికి, మీ చిన్ననాటి సంతోషం ఒకటి చెప్పండి. పెద్దది అక్కరలేదు. ఫోటో లేనిది, తేదీ లేనిది, మీరు తప్ప మరెవరూ ఎరుగనిది చెప్పండి. అందులో ఉన్న మిత్రుని పేరుకూడా చెప్పండి, అతడు ఉన్నా, లేకున్నా. వినేవారు, 'అది కాదు, ఇదివరకు నీవు వేరే విధంగా చెప్పినావు' అని మిమ్మల్ని కాదంటే కోపగించుకోకండి. మీ మాట ఒకరి మనస్సులో నాటుకొన్నదని గుర్తించి సంతోషించండి.